బొగ్గుకు చేతివాటం

రెండువందల పద్నాలుగు. ఇందాక చూసినప్పుడు రెండువందల పదిహేడు. చూడకూడదు అనుకుంటూనే చూస్తోంది, పొయ్యి పక్కనున్న ఎర్రంకెల పెట్టె వైపు. ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఒక కాలు నేలకు ఆనించి, ఇంకో కాలు స్టూలు కమ్మీకి మెలేసి, ఒళ్ళో నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని అందులో ఒక్క ముక్కా రాయకుండా. పొయ్యి అంటే పెద్దదేం కాదు, ఇద్దరి బట్టలు పట్టే సూట్‌కేసును అడ్డంగా పడుకోబెట్టినంత. దాని పొట్టలోంచి ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత వేడికీ కరగని ఒక గాజు గొట్టం, గొట్టంలో వరసగా మూడు పింగాణీ పడవలు, బొటనవేలంత పడవలు, ఒక్కోదానిలో చిటికెడు పొడి. గొట్టంలోకి ఇటు నుంచి ఆర్గాన్ వాయువు పోతుంది, అటు నుంచి నీళ్ళ సీసాలోకి బుడగలుగా వస్తుంది. బుడగ వస్తోందంటే లోపలికి గాలి దూరలేదని అర్థం, గాలి దూరలేదంటే బొగ్గు బొగ్గుగానే ఉందని అర్థం. బుళక్... బుళక్... రెండు బుడగలకు మధ్య ఒకసారి ఊపిరి తీసుకుని వదలొచ్చు. తీసుకుని వదిలింది. రెండువందల పదమూడు. అరవైకి దిగేదాకా తియ్యకూడదు. అరవై అంటే అరవయ్యే, డెబ్బై కాదు. మొదటి ఏడాది ఒకసారి తొందరపడి నూట తొంభై దగ్గర మూత లాగింది, పడవలో నల్లటి పొడి అంచుల్లో ఎర్రగా రాజుకుని చూస్తుండగానే తెల్లటి బూడిద అయిపోయింది, మూడు వారాల పని మూడు నిమిషాల్లో. ఆ బూడిదను పారెయ్యబుద్ధి కాక చిన్న సీసాలో పోసి బల్ల సొరుగులో దాచింది, ఎప్పుడైనా చేతులు దురదపెడితే చూసుకోవడానికి.

పదకొండుకు ఇంకా పది నిమిషాలు. మేడ మీద, ఏ గది ఉంచాలో ఏ గది మూసెయ్యాలో తేల్చడానికి వచ్చిన కమిటీ వాళ్ళు ముగ్గురూ కాఫీలు తాగి, మొదటి అంతస్తు వాళ్ళ పనులు చూడటం మొదలుపెట్టి ఉంటారు. కింద ఈ గదిలో కిటికీ లేదు, గోడ మీద పాత తడి మరకలు, ఒక మూల పనిచెయ్యని తూకపు యంత్రం, దాని మీద తన చలికోటు. రెండేళ్ళ కిందట పై అంతస్తులో ఎండ పడే గది నుంచి ఇక్కడికి దింపినప్పుడు, సామాను మోసినవాళ్ళలో ఒకడు జాలిగా, "చల్లగా ఉంటుందిలే మేడం" అన్నాడు. చల్లగా ఉండటమేమిటి, తొమ్మిదొందల డిగ్రీల పొయ్యి పక్కన! నవ్వొచ్చింది అప్పుడు. ఇప్పుడూ వచ్చింది, కానీ పెదవుల దాకా రాలేదు.

ఎడమదీ కుడిదీ. అసలు అంతా అక్కడే మొదలైంది. సబ్బులాంటి ఒక అణువును మొదటిసారి నీళ్ళలో కలిపిన రోజు తనకు ముప్ఫై ఏళ్ళు, ఇప్పుడు నలభై ఒకటి. చిన్న తల, పొడుగాటి తోక. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకకు నీళ్ళంటే పడదు, అందుకని వేడినీళ్ళు చల్లారేకొద్దీ తోకలన్నీ లోపలికి దాక్కుని తలలన్నీ బయటికి పెట్టి, ఎవరూ చెప్పకుండానే, ఎవరూ తోయకుండానే వరస కడతాయి. ఒకదాని పక్కన ఇంకోటి నిలబడేటప్పుడు సరిగ్గా ఎదురెదురు కాక వెంట్రుకవాసి పక్కకు తిరిగి నిలబడుతుంది, దాని పక్కది ఇంకో వెంట్రుకవాసి, అలా లక్ష నిలబడేసరికి మొత్తం రిబ్బనులా మెలి తిరుగుతుంది. ఎడమ అణువైతే మెలి ఎడమకి, అద్దంలో దాని బొమ్మలాంటి కుడి అణువైతే కుడికి. మైక్రోస్కోపులో ఆ మెలికలు చూసిన రోజు భోజనం మర్చిపోయింది. గాజు ఊదే బాబాయ్ దగ్గరికి పరిగెత్తుకెళ్ళి చెప్పింది, ఆయన గొట్టాలు చేసేవాడు, ఈ భవనంలో అందరికన్నా ముందొచ్చినవాడు. కుడిచేతి తొడుగు ఎడమచేతికి ఎక్కదు కదా బాబాయ్, అలాగే అణువులకూ చేతులున్నాయి, ఒక మందు ఎడమచేతిదైతే రోగం తగ్గిస్తుంది, అదే మందు కుడిచేతిదైతే ఒళ్ళు పాడుచేస్తుంది, రెంటినీ వేరుచేసే జల్లెడ కావాలి, ఆ జల్లెడకు కూడా చేతివాటం ఉండాలి, యాసిడ్‌కీ వేడికీ తట్టుకోవాలి, అంటే బొగ్గుతో చెయ్యాలి అని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన మంట తగ్గించి, నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, "బొగ్గుకు చేతివాటమా? అయితే జేబులు జాగ్రత్తగా పెట్టుకోవాలమ్మా" అన్నాడు. మర్నాటికి భవనమంతా పాకింది. చేతివాటం మేడం. అప్పట్లో ఆ పిలుపు ముద్దుగానే ఉండేది.

నూట తొంభై ఎనిమిది. బుళక్.

ముద్దుగా ఉన్నది తొమ్మిదేళ్ళే. మెలికల రిబ్బనుకు బంకలాంటి ఒక తొడుగు పట్టించి, ఎండబెట్టి, గాలి లేని పొయ్యిలో కాల్చితే లోపలి రిబ్బను ఆవిరైపోయి, బంక తొడుగు బొగ్గై, మెలి మెలిగానే మిగలాలి. మిగిలింది అనుకుంది. మెలికున్న వెలుగును దానిలోంచి పంపితే, ఎడమ బొగ్గుకు యంత్రం గీసే గీత కొండలా పైకి లేచింది, కుడి బొగ్గుకు గొయ్యిలా కిందికి దిగింది. ఆ ఫలితం పత్రికలో అచ్చయింది. పెద్దాయన, అంటే ఈ విభాగానికి పెద్ద, తనను చదువు రోజుల నుంచి చెయ్యి పట్టి నడిపించినవాడు, ఆ వారం రోజులూ మెట్లు రెండేసి ఎక్కాడు. వెలుగు కొలిచే యంత్రం దగ్గర కూర్చునే ఆవిడ ఒక్కతే, కొలతలావిడ అంటారందరూ, కళ్ళజోడు మీదుగా చూసి, "మరీ పెద్దగా ఉందండీ మీ కొండ. నాకు నమ్మబుద్ధి కావడం లేదు" అంది. ఎంత కోపం వచ్చిందప్పుడు! కుళ్ళు అనుకుంది. ఇంటికెళ్ళి భర్తతో చెప్పుకుని ఏడ్చింది కూడా. పదకొండు నెలల తరవాత ఒక సాయంత్రం యంత్రం ఖాళీగా ఉంటే, ఎందుకో, ఊరికే, పొడి బిళ్ళ బిగించిన పలకను తీసి పక్కకు తిప్పి మళ్ళీ పెట్టింది. కొండ గొయ్యి అయింది. అదే పొడి, అదే పలక. పొడిని నొక్కి పలుచటి బిళ్ళ చేసేటప్పుడు పోగులన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపుకు పడుకున్నాయి, ఆ వాలునే యంత్రం మెలి అనుకుంది, ఎడమదాన్ని నిలువుగా కుడిదాన్ని అడ్డంగా బిగించడం తన చేతి అలవాటు తప్ప మరేం కాదు. నిజమైన మెలి ఎటు తిప్పినా మారదు. ఇది మారింది. ఆ సాయంత్రం యంత్రం ఆపేసి, గుడ్డ కప్పి, గుడ్డ అంచులు సరిచేసి, మళ్ళీ సరిచేసి, ఆ కుర్చీలోనే కూర్చుండిపోయింది.

"ఎవరైనా అడిగారా?" అన్నాడు పెద్దాయన మర్నాడు. "లేదు సార్." "మరి?" "నాకు తెలిసింది కద సార్." తప్పని రాసిచ్చి అచ్చయినదాన్ని వెనక్కి తీసుకున్నారు, తన పేరు పక్కన ఆయన పేరు కూడా ఉన్నదాన్ని. ఆయన ఒక్క మాట అనలేదు, అదే కష్టం. కాంటీనులో అన్నారు. చేతివాటం మేడం అంటే ఇప్పుడు వేరే అర్థం, పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడితే వెనక నుంచి కిసుక్కున నవ్వు. కూతురికి అప్పుడు పదేళ్ళు, స్కూల్లో ఎవరో అన్నారట. "అమ్మా, నువ్వు అబద్ధం చెప్పావా?" "లేదు, పొరపాటు చెప్పాను." "తేడా ఏంటి?" జడ వేస్తోంది దానికి, దువ్వెన ఆగింది. "తప్పని తెలిశాక కూడా అదే చెబుతూ ఉంటే అబద్ధం." పిల్ల, "అయితే నువ్వు ఆపేశావు కదా" అంది, అని, "గట్టిగా లాగకు, నొప్పి" అంది. అంతే. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నూట అరవై రెండు. ఫోను వణికింది. నాన్న.

"చల్లారిందా?"

"లేదు నాన్నా. నూట అరవై."

"అయితే ఎందుకు ఎత్తావు ఫోను? కబుర్లు చెబితే చల్లారదు. పొయ్యి దగ్గరుండు."

"మీరేగా చేశారు!"

"నేను కుక్కరు రబ్బరు ఎక్కడ పెట్టావో అడుగుదామని చేశాను."

"సింకు కింద డబ్బాలో."

పెట్టేశాడు. కుక్కరు రబ్బరు ఎక్కడుందో ఆయనకు తెలుసు, తనకన్నా బాగా తెలుసు. కరెంటు స్తంభాల మీద తెల్లటి పింగాణీ గిన్నెలుంటాయే, అవి చేసే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు బట్టీ దగ్గర పనిచేసిన మనిషి. నెమ్మదిగా కాల్చడం ఆయన నేర్పిందే. రెండేళ్ళ కిందట ఈ పొయ్యిలో మెలి ఎందుకు నిలవడం లేదో తెలియక, అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోతే, "ఎంత సేపట్లో వేడెక్కిస్తున్నావు?" అని అడిగాడు. చెప్పింది. ఆయన నోరు తెరిచాడు. "ఇంట్లో దొంగలు పడ్డట్టు తరుముతున్నావే! లోపలి తడి బయటికి నడిచి రావాలి, పరిగెత్తి రాకూడదు. పరిగెత్తితే గోడలు బద్దలవుతాయి." ఆ రాత్రే లెక్కలు మార్చింది. బంక తొడుగును ముందు రెండు రోజులు గోరువెచ్చగా ఉంచి గట్టిపడనివ్వడం, తరవాత నిమిషానికి ఒక్క డిగ్రీ, ఒక్కటే, పదిహేను గంటలు. కానీ నాన్న నేర్పింది అదొక్కటే కాదు. తన పన్నెండో ఏట, ఒక తెల్లవారుజామున ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గడపలో కూర్చున్నాడు. లారీలు ఎదురుచూస్తున్నాయని మేనేజరు బట్టీ తలుపు ముందే తెరవమన్నాడట, తెరిచాడట. చల్లగాలి తగిలి టక్... టక్... టక్... మూడువేల గిన్నెలు ఒకదాని తరవాత ఒకటి చిట్లుతూనే ఉన్నాయట తెల్లారేదాకా. "నేను తలుపుకి అడ్డం నిలబడాల్సింది" అన్నాడు అమ్మతో. అమ్మ మంచినీళ్ళిచ్చింది. "నిలబడలేదు" అన్నాడు గ్లాసు పట్టుకుని, తాగకుండా. ఆ మాట ఆయన ఇంకెప్పుడూ అనలేదు గానీ, చెవి కొంచెం మందగించాక కూడా ఏ గిన్నె కిందపడ్డా ఉలిక్కిపడతాడు.

నూట నలభై. మెట్ల మీద బూట్ల చప్పుడు. పెద్దాయన నడక, ఎడమ అడుగు కాస్త బరువుగా, ఈ మధ్యే మోకాలికి ఆపరేషన్ అయింది, మూడు నెలల్లో రిటైరవుతాడు. కిందికి ఎప్పుడూ రాడు. వచ్చాడంటే...

తలుపు దగ్గరే ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "అయిందా?"

"ఇంకో గంట సార్."

"గంట లేదమ్మా. వాళ్ళు పన్నెండుకు వెళ్ళిపోతున్నారు, కారు వచ్చి ఉంది. ఏదో ఒకటి చూపించాలి. తియ్యి."

"నూట నలభై ఉంది సార్. ఇప్పుడు తీస్తే కాలిపోతుంది."

"ఒక్క పడవ తియ్యి. వాళ్ళ ముందు నల్లటి పొడి పెడితే చాలు, వాళ్ళకేం తెలుస్తుంది? మిగతా రెండూ నీకుంటాయి."

"మూడూ ఒకే గొట్టంలో ఉన్నాయి సార్. గొట్టం తెరిస్తే మూడింటికీ గాలి తగులుతుంది."

ఆయన లోపలికి వచ్చాడు. పొయ్యి దాకా వస్తాడా? తనకు తెలియకుండానే స్టూలు దిగింది, గొట్టం మూతకూ ఆయనకూ మధ్య నిలబడింది, వీపుకు పొయ్యి వేడి తగులుతోంది, ఒక పెద్ద పిల్లి ఆనుకుని పడుకున్నట్టు. ఈయన ఇచ్చిన పుస్తకాలే చదివింది, ఈయన సంతకంతోనే ఉద్యోగం వచ్చింది, పిల్ల పుట్టినప్పుడు ఆస్పత్రికి ఈయన భార్య గొంగళి అల్లి పంపింది, ఆకుపచ్చది. ఇవన్నీ ఒక్కసారే ఎందుకు గుర్తుకొస్తున్నాయి, ఇప్పుడు రావాలా ఇవి? చేతులు తెల్లకోటు జేబుల్లో పెట్టుకుంది.

"నేనడుగుతున్నది నీ కోసమేనమ్మా. ఇవాళ ఏమీ చూపించకపోతే ఈ గది ఉండదు."

"తెలుసు సార్."

"తెలిసే అంటున్నావా?"

"పోయినసారి నాకు తెలియక చేశాను సార్. ఇప్పుడు తెలిసి చెయ్యలేను."

బుళక్. ఆయన సీసా వైపు చూశాడు. ఇంకో బుడగ వచ్చేదాకా చూశాడు. మోకాలు పట్టుకుని వెనక్కి తిరిగాడు. మెట్ల మీద ఒకటి, రెండు, ఆగాడు, మూడు. ఆయన వెళ్ళాక గాని తను ఇంకా నిలబడే ఉన్నానని గమనించలేదు. కూర్చోలేదు. నిలబడే లెక్కపెట్టింది.

నూట పది. ఒకవేళ ఏమీ రాకపోతే? రానీ, రాకపోనీ, అది రాకపోవడమే అవుతుంది, బూడిద కాదు. మూడు పడవల్లో ఒకదానిలో ఎడమ పొడి, ఒకదానిలో కుడి పొడి, మూడోదానిలో రెండూ సగం సగం. ఎడమా కుడీ ఎదురెదురుగా రావాలి, సగం సగందానికి గీత బల్లపరుపుగా పడుకోవాలి. ఏ పడవలో ఏముందో తనకు తెలియదు, తెలియకూడదనే గాజు ఊదే బాబాయ్ చేత నింపించింది, ఆయన పడవల అడుగున ఒకటీ రెండూ మూడూ గీకి, ఏది ఏదో చీటీ మీద రాసుకుని కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నాడు. "నాకే తెలియనివ్వకు బాబాయ్" అంటే, "నువ్వు కాళ్ళు పట్టుకున్నా చెప్పను" అన్నాడు. పొడిని ఈసారి నొక్కదు, దువ్వదు, పోగులన్నీ చెదిరిన దూదిలా ఏ వైపుకూ వాలకుండా ఉండాలి. కొలిచేది తను కాదు. మూడు నెలల కిందట కొలతలావిడ గది తలుపు కొట్టి, "నేను తెచ్చేది మీరు కొలవాలి, నన్ను బయట కూర్చోబెట్టి" అని అడిగింది. ఆవిడ, "మీరు అడగడానికి రెండేళ్ళు పట్టిందేమండీ" అంది. దెప్పడం కాదు, నిజంగానే అడిగింది. ఎనభై నాలుగు. ఎనభై మూడు. పైన కారు తలుపులు మూసిన చప్పుడు, ఒకటి, రెండు, మూడు, నాలుగోది డ్రైవరుది కాబోలు. కారు కదిలింది. వెళ్ళిపోయారు. గుండెలో ఏదో జారి కిందపడింది, పడి, ఆశ్చర్యం, నేల దొరికింది దానికి. ఇంక తొందరపెట్టేవాళ్ళు లేరు. డెబ్బై. అరవై ఎనిమిది ఎంతసేపు ఉంటుంది, కదలదేం ఇది... అరవై మూడు. అరవై ఒకటి.

అరవై. ఇంకో అయిదు నిమిషాలు ఆగి, యాభై ఎనిమిది దగ్గర మూత తిప్పింది.

నల్లగా, మెత్తగా, మూడు పడవల్లో మూడు చిటికెలు. ఎక్కడా ఎరుపు లేదు, ఎక్కడా బూడిద లేదు. వాటిని సీసాల్లోకి మార్చి, అంకెలు చూసుకుని, రెండు చేతులతో పట్టుకుని మేడ ఎక్కింది. కొలతలావిడ సీసాలు తీసుకుని తలుపేసుకుంది. బయట బెంచీ మీద తను, కాసేపటికి పక్కన వచ్చి కూర్చున్న గాజు బాబాయ్. ఆయన కళ్ళజోడు పెట్టె ఒళ్ళో పెట్టుకుని దాన్ని కాలిన వేళ్ళతో పట్టుకున్నాడు. గంటన్నర గడిచింది. ఎవరో నేల తుడిచి వెళ్ళారు, తడి ఆరింది. ఎనిమిదిసార్లు తిప్పి కొలవమంది, ముందుకు వెనక్కి, ఒక్కోదాన్ని ఎనిమిది. ఇరవై నాలుగు కొలతలు. ఆకలి వేస్తోందా? వేస్తోంది. ఎప్పుడు తిన్నాను?

తలుపు తెరుచుకుంది. కొలతలావిడ చేతిలో ఒక్క కాగితం. "ఒకటో నంబరు కిందికి. రెండోది బల్లపరుపు. మూడోది పైకి. చిన్నవే. కానీ ఎటు తిప్పినా అంతే ఉన్నాయండీ, కదల్లేదు." గాజు బాబాయ్ కళ్ళజోడు పెట్టె తెరిచాడు, చీటీ విప్పాడు, కళ్ళకు దూరంగా పట్టుకున్నాడు. "ఒకటి, కుడి. రెండు, కలిపింది. మూడు, ఎడమ." ఇంకోసారి చదివాడు. తను కాగితం తీసుకుంది. గీత చిన్నది, పాత కొండలో పదో వంతు కూడా లేదు, ఎవరైనా చూసి ఇదేం కొండ, చీమలపుట్ట అంటారు. దాన్ని వేలితో తడిమింది, కాగితం మీద ఏముంటుంది తగలడానికి, అయినా తడిమింది. అప్పుడొచ్చాయి కన్నీళ్ళు, వచ్చి, ముక్కు మీదుగా కారితే తెల్లకోటు చేత్తో తుడుచుకుంది.

పెద్దాయన తన గదిలో ఒక్కడే ఉన్నాడు, బల్ల మీద మూడు ఖాళీ కాఫీ కప్పులు. కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు మార్చుకుని చూశాడు.

"ఎవరు కొలిచారు?"

"ఆవిడే సార్. నేను బయట కూర్చున్నాను."

"నువ్వు ముట్టుకోలేదా?"

"లేదు సార్."

ఆయన మళ్ళీ చూశాడు. ఎనిమిదేసి గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా ఉన్నాయి. "వాళ్ళు రాసిచ్చి వెళ్ళిపోయారు" అన్నాడు తల ఎత్తకుండా. "గది నాలుగు నెలల్లో ఖాళీ చెయ్యాలట. ఇది పంపిస్తాను, కానీ ఒక్కసారి వచ్చినదాన్ని వాళ్ళు నమ్మరు."

"నేనూ నమ్మను సార్."

నాలుగు నెలలంటే నూట ఇరవై రోజులు. వేడెక్కడానికి ఒక రోజు, చల్లారడానికి, కొలవడానికి ఇంకో రోజు. తొడుగు గట్టిపడటం డబ్బాల్లో పక్కన జరుగుతూనే ఉంటుంది, దానికి పొయ్యి అక్కర్లేదు. గొట్టాలు ఆరు చాలు, బాబాయ్‌ని ఇవాళే అడగాలి. ఇంకో పొడి కడిగి ఆరబెట్టి ఉంది, ఇప్పుడు దిగితే సాయంత్రం లోపల పడవలు నింపి పొయ్యి వెలిగించొచ్చు, ముందు ఏమైనా తినాలి.

"నాలుగు నెలల్లో ఏం చేస్తావు?" అన్నాడాయన.

"రోజు విడిచి రోజు అరవైసార్లు కాల్చొచ్చు సార్."

"అరవైలో ఎన్ని చెడిపోతాయో?"

కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంటూ, అప్పటికే తలుపు దాకా వెళ్ళింది తను.

"చెడినవి కూడా రాస్తాను సార్."